బేస్‌బాల్ గ్లవ్: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య

అమెరికాలో బేస్‌బాల్ ఆడినవాళ్లు మొదటి కొన్ని దశాబ్దాలు బంతిని ఉత్త చేతులతోనే పట్టారు. వంకరపోయిన వేళ్లు మగతనానికి గుర్తు. గ్లవ్ వేసుకోవడం పిరికితనం. సిన్సినాటి క్యాచర్ డగ్ ఆలిసన్ 1870లో గాయపడిన చేతులకు తోలు తొడుగులు వేసుకున్నాడు. 1875లో సెయింట్ లూయిస్ ఆటగాడు చార్లెస్ వెయిట్ ఎవరి కంటా పడకూడదని ఒంటిరంగు గ్లవ్ ఎంచుకున్నాడు. ఆరా తీసిన పిచర్ ఆల్బర్ట్ స్పాల్డింగ్ దగ్గర తన సిగ్గును దాచుకోలేదు. రెండేళ్లకు స్పాల్డింగే షికాగో జట్టులో నల్ల గ్లవ్‌తో దిగాడు. అంత పేరున్నవాణ్ణి చూసి నవ్వేవాళ్లు లేకపోయారు. పైగా ఆయనకు క్రీడాసామగ్రి వ్యాపారం ఉండేది; గ్లవ్ వాడకం పెరిగితే ఆయనకే లాభం.

పాత పట్టుదల మాత్రం అంత తేలిగ్గా పోలేదు. 1882 నుంచీ సిన్సినాటికి ఆడిన బిడ్ మెక్‌ఫీ, అందరూ గ్లవ్‌లకు మారినా ఉత్త చేతులతోనే ఆడాడు. 1896లో వేలు నొప్పి భరించలేక గ్లవ్ తొడిగాడు. ఆ ఏడు అతని ఫీల్డింగ్ సగటు .978కి చేరింది, సెకండ్ బేస్‌లో అంతవరకు ఎవరూ అందుకోని స్థాయి అది. అంతకుముందు ఏడాదే, 1895లో, క్యాచర్‌కూ ఫస్ట్ బేస్ ఆటగాడికీ తప్ప మిగతావారి గ్లవ్ బరువు 10 ఔన్సులు, చుట్టుకొలత 14 అంగుళాలు దాటరాదని నియమం పెట్టారు.

మొదట ఎవరు తొడిగారన్న చర్చ ఇప్పటికీ సాగుతూనే ఉంది. నా దృష్టిలో అసలు మలుపు అది కాదు. అప్పటి గ్లవ్ మెత్త కుట్టిన చెయ్యి మాత్రమే. అది దెబ్బను ఆపేది, బంతిని పట్టుకోవాల్సింది మాత్రం వేళ్లే. సెయింట్ లూయిస్ కార్డినల్స్ పిచర్ బిల్ డోక్ 1919లో రాలింగ్స్ కంపెనీకి ఒక ఆలోచన చెప్పాడు: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తోలుపట్టీలు అల్లితే బంతి ఒదిగే గుంట ఏర్పడుతుంది. 1922లో పేటెంట్ దక్కింది. అప్పటిదాకా అరచేతిలో పడిన బంతి ఇక వేళ్ల సందున ఉన్న వలలోకి చేరింది. దెబ్బ కాచే తొడుగు బంతి పట్టే పరికరమైంది. తర్వాత రాలింగ్స్‌లో హ్యారీ లటీనా చేసిన మార్పులూ, 1957లో విల్సన్ కంపెనీ తెచ్చిన ఎ2000 గ్లవ్ నమూనా కూడా ఈ దారినే అనుసరించాయి.

మెక్‌ఫీ 2000లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. పిచర్‌గా 169 గెలుపులు సాధించి, ప్రతి ఫీల్డర్ చేతినీ మార్చిన డోక్‌కు మాత్రం అక్కడ చోటు లేదు. ఉండాల్సింది.