బొద్దింకకు పాఠం నేర్పిన మాస్టారు



మా హాస్టల్లో లైటు వేస్తే చాలు, బొద్దింకలు చీకట్లోకి ఉరుకుతాయి. అలాంటి బొద్దింకకు చీకటంటే భయం నేర్పినాయన చార్లెస్ టర్నర్. అమెరికాలో నల్లజాతి మనిషి, 1867లో పుట్టాడు. 1907లో షికాగో యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ తెచ్చుకున్నా పెద్ద యూనివర్సిటీలేవీ ఉద్యోగం ఇవ్వలేదు. సెయింట్ లూయిస్‌లో నల్లపిల్లల హైస్కూల్లో పాఠాలు చెప్తూనే పరిశోధన చేశాడు.

బొద్దింక చీకటి వైపు పోయినప్పుడల్లా చిన్న కరెంట్ షాక్ ఇచ్చేవాడు. పోను పోను అది చీకటి అంచు దగ్గరే ఆగి వెనక్కి తిరిగేది. ఇది 1912 నాటి మాట. పురుగుకు నేర్చుకునే తెలివి ఎక్కడిది, అంతా పుట్టుకతో వచ్చిందేనని చాలామంది అనుకునే కాలం. పుట్టుక మాట మనకూ కొత్త కాదు కదా!

1974లో సేమూర్ బెంజర్ ల్యాబ్‌లో పండ్ల ఈగలకు ఒక వాసనతోపాటు షాక్ ఇచ్చారు. తర్వాత ఆ వాసన వస్తే చాలు, ఈగలు తప్పుకునేవి. ఎందుకలా? ఈగ మెదడులో పుట్టగొడుగు ఆకారంలో ఒక భాగం ఉంటుంది. వాసనకు అక్కడి కొన్ని కణాలు మేలుకుంటాయి. సరిగ్గా అప్పుడే షాక్ తగిలితే డోపమైన్ విడుదలై, ఆ కణాల కనెక్షన్ల బలం మారిపోతుంది. జ్ఞాపకం అంటే ఆ మార్పే. దెబ్బకు డోపమైన్, తీపికి ఆక్టోపమైన్ అని 2003లో తేల్చారు. 2012కొచ్చేసరికి తీపి జ్ఞాపకంలోనూ డోపమైన్ కణాలు ఉన్నాయని బయటపడింది.

టర్నర్ 1923లోనే చనిపోయాడు. మా జువాలజీ పుస్తకంలో ఆయన పేరు వెతికాం. లేదు.