పంటకీ వంటకీ నడుమ

'పంట', 'వంట' - ఈ రెండు మాటల్నీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. తలకట్టు అక్షరానికి అంటుకుని ఉంటే వంట. అంటకుండా కాస్త ఎడంగా నిలబడితే పంట. పొలం నుంచి మన వంటింటిదాకా ఉన్న దూరమంతా అచ్చులో ఆ వెంట్రుకవాసి ఖాళీయేనన్నమాట! పేరుకీ వేరుకీ, పాడుకీ వాడుకీ కూడా తేడా అంతే. ఇక శుభలేఖల సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రెస్సులో సిరా ఒక్క పిసరు ఎక్కువైందంటే 'మా అమ్మాయి పెళ్ళి' కాస్తా 'మా అమ్మాయి వెళ్ళి' అయి కూర్చుంటుంది. ఎక్కడికి వెళ్ళిందో పాపం, చుట్టాలు తేల్చుకోవాలి!

ఈ కాలం పిల్లల్లో కొందరు ఇంజనీరింగూ మెడిసినూ కాదని డిజైను కాలేజీల్లో చేరుతున్నారు. అక్కడ మొదట్లోనే టైపోగ్రఫీ అని ఒక పాఠం చెబుతారు. పేరు చూసి జడుసుకోనక్కర్లేదు. చదివేవాళ్ళ కంటికి శ్రమ లేకుండా అక్షరాలని అమర్చే విద్య అది. అక్షరంలో నల్లగీత ఎంత ముఖ్యమో, దాని పొట్టలోనూ చుట్టుపక్కలా మిగిలే తెల్లచోటూ అంతే ముఖ్యమన్నది అందులో తొలి సూత్రం. ముగ్గులు వేసే చేతులకి ఇది కొత్త సంగతేం కాదు. గీతల మధ్య మిగిలిన నేలని చూసే కదా ముగ్గు కుదిరిందో లేదో చెబుతాం! తెలుగు అక్షరం మాత్రం ఆ కాస్త చోటు కోసం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఆ కథ ఇంచుమించు 280 ఏళ్ళది.

అంతకు ముందు మన అక్షరం తాటాకు మీద ఉండేది. గంటంతో గీసి, పైన మసి పులిమి తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరాలు కనబడేవి. ఆకు ఈనెల వెంట తిన్నగా గీస్తే చీలుతుంది గనకనే మన అక్షరాలు గుండ్రాలు తిరిగాయంటారు. ఆకు మీద చోటు తక్కువ. అందుకని మాటకీ మాటకీ మధ్య ఎడం ఉండేది కాదు. కామాలూ ప్రశ్నార్థకాలూ అసలే లేవు. చదివేవాడికి పద్యం ముందే నోటికి వచ్చి ఉంటే సరే, లేకపోతే ఎక్కడ విరవాలో తెలియక తికమకే.

ఆ గుండ్రటి అక్షరం నలుచదరపు సీసం ముక్కలోకి మొదట ఎక్కినది మన దేశంలో కాదు, జర్మనీలో! బెంజమిన్ షుల్జ్ అనే మతప్రచారకుడు మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్నాడు. స్వదేశం వెళ్ళాక హాలె పట్నంలో తెలుగు టైపు తయారు చేయించి 1746, 1747ల్లో చిన్న చిన్న క్రైస్తవ గ్రంథాలు అచ్చువేయించాడు. తెలుగు లిపిలో అచ్చయిన పుస్తకాల్లో మొట్టమొదటివిగా వాటినే చెప్పుకుంటారు. చుట్టుపక్కల తెలుగు మాట వినబడని ఊళ్ళో మన తలకట్టులూ గుడులూ సీసంలో నిలబడ్డాయంటే విచిత్రంగా లేదూ?

రెండో మజిలీ బెంగాల్లోని శ్రీరామపురం. 1800లో విలియం కేరీ, ఆయన మిత్రులు అక్కడ అచ్చుకూటం పెట్టారు. వాళ్ళకి కుడిభుజం పంచానన్ కర్మకార్ అనే పనివాడు. ఆయన తరవాత అల్లుడు మనోహర్ ఆ పని అందుకున్నాడు. ఆ పని ఎలాంటిదో వింటే అయ్యో అనిపిస్తుంది. ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని అద్దంలో బొమ్మలా తిరగేసి చెక్కాలి. ఆ కొసని రాగిముక్క మీద మోదితే గుంట పడుతుంది. కరిగించిన సీసాన్ని ఆ గుంటలో పోస్తే అప్పుడు ఒక్క అక్షరం తయారు. ఇలా ఎన్ని భాషలకో చేశారు. 1812 మార్చి 11న ఆ అచ్చుకూటం తగలబడి టైపంతా కరిగి ముద్దయిపోయింది. అదృష్టం కొద్దీ బూడిదలో ఉక్కు కడ్డీలు చెడకుండా దొరికాయి. ఆ కరిగిన సీసాన్నే ఏరుకుని మళ్ళీ పోత మొదలెట్టారు. కేరీ రాసిన తెలుగు వ్యాకరణం 1814లో, తెలుగు కొత్త నిబంధన 1818లో అక్కడినుంచే వెలువడ్డాయి.

తరవాత కథ మద్రాసులో. సి.పి. బ్రౌన్ దొర తాటాకు ప్రతులు సేకరించి, పండితుల చేత సరిచూపించి 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. ఆయన తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిది. 1854లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులుగారు మద్రాసులో అచ్చుకూటం పెట్టారు. వావిళ్ళవారి పుస్తకం లేని పండితుడి ఇల్లు ఉండేది కాదంటే అతిశయోక్తి కాదు. అచ్చు వల్ల పుస్తకాలు చవకయ్యాయని అందరూ అంటారు. నిజమే గాని, అంతకంటే పెద్ద మేలు ఇంకొకటుంది. మాటల మధ్య ఎడం వచ్చింది. వాక్యం చివర చుక్క వచ్చింది. పేరా విరుపు వచ్చింది. ఇంకొకరు చదివి వినిపిస్తేగాని పుస్తకం రుచి తెలియని ఇల్లాలు కూడా మధ్యాహ్నం పని తెమిలాక తనంతట తాను కూర్చుని చదువుకునే వీలు చిక్కింది. ఖాళీచోటు చేసిన ఉపకారం అది.

ఈ ఉపకారం వెనక కంపోజిటరు అనే మనిషి ఉన్నాడు. ఇంగ్లీషు కంపోజిటరుకి చిన్నా పెద్దా కలిపి 52 అక్షరాలు, కొన్ని గుర్తులు చాలు. మన హల్లులు 36, ఒక్కొక్కదానికి పన్నెండేసి గుణింతాలు లెక్కేసినా 432. అచ్చులూ ఒత్తులూ అంకెలూ ఇంకా బయటే ఉన్నాయి. అన్నీ విడివిడిగా పోత పోయలేక కొన్నిటిని ముక్కలుగా పోసి పక్కపక్కన చేర్చుకునేవారు. అయినా వందల గళ్ళున్న కేసు ముందు నిలబడి, తిరగబడ్డ అక్షరాలని ఒక్కొక్కటే ఏరి స్టిక్కులో పేర్చాలి. అచ్చయ్యాక మళ్ళీ ఏ అక్షరం గడిలో ఆ అక్షరం వేయాలి. థ పొట్టలో చుక్క సిరాతో పూడుకుపోయినా, ధ అడుగున గీత విరిగిపోయినా నిందపడేది ఆయనే. ముద్రారాక్షసాలని వెక్కిరించాం గాని, ఒప్పుగా పడ్డ లక్షల అక్షరాలకి ఆయన పేరు ఎవరమైనా అడిగామా? కంప్యూటర్లు వచ్చాక ఆ కేసులు మూలపడ్డాయి, సీసం అక్షరాలు తూకానికి అమ్ముడుపోయాయి. ఆ చేతుల నేర్పు కూడా వాటితోనే పోయింది.

ఇప్పుడు కాస్త పాఠం. అక్షరం సైజుని పాయింట్లలో కొలుస్తారు. అంగుళానికి 72 పాయింట్లు. 12 పాయింట్ల టైపు అంటే అంగుళంలో ఆరోవంతు. అయితే ఆ ఎత్తంతా అక్షరానిదే కాదు, అది నిలబడే గదిది. ఇంగ్లీషు అక్షరం ఆ గదిలో హాయిగా సర్దుకుంటుంది. మన అక్షరానికి పైన మేడ ఉంది, కింద నేలమాళిగ ఉంది. 'స్త్రీ' అని రాసి చూడండి. పైన గుడిదీర్ఘం, నడుమ స, దాన్ని అంటిపెట్టుకుని త ఒత్తు, ర ఒత్తు! తెలుగులో ఇంత చోటు అడిగే అక్షరాలు అరుదు. చోటివ్వకుండా అదే గదిలో కుక్కితే ఏమవుతుంది? స చిక్కిపోతుంది, ఒత్తులు నలిగిపోతాయి. అందుకే ఇంగ్లీషూ తెలుగూ ఒకే సైజులో పక్కపక్కన వేస్తే తెలుగు చిన్నదిగా కనబడుతుంది. తెలుగుని ఒక మెట్టు పెద్దది చేయాలి. వరసకీ వరసకీ మధ్య ఎడం పెంచాలి. లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడులతో కుస్తీ పడతాయి. సీసం రోజుల్లో ఆ ఎడం కోసం వరసల మధ్య సన్నటి సీసం బద్దీలు పెట్టేవారు. కంప్యూటర్లో ఒక అంకె మారిస్తే చాలు. ఆ అంకె మార్చాలని తట్టడమే చదువు.

చోటు విలువ తెలిసిన చెయ్యి ఎలా ఉంటుందో చూడాలంటే బాపుగారి రాత చూడాలి. 1933లో నరసాపురంలో పుట్టి 2014లో కన్నుమూసిన ఈ చిత్రకారుడు కథల శీర్షికలకీ పుస్తకాల అట్టలకీ రాసిన అక్షరాలు గీత తక్కువ, గాలి ఎక్కువ. ఆ రాత కంప్యూటర్లోకి టైపుగా ఎక్కి ఇప్పటికీ శుభలేఖల మీద నడుస్తూనే ఉంది. వంకర ఉంటుంది గాని ఎక్కడా తడబాటు ఉండదు. ప ఎప్పుడూ ప లాగే ఉంటుంది.

కంప్యూటరు కథ వేరు. 1991లో వచ్చిన యూనికోడ్ అనే ఏర్పాటులో తెలుగుకీ స్థానం దొరికింది. అందులో ఒక్కొక్క అక్షరానికీ గుర్తుకీ ఒక్కొక్క సంఖ్య. మన కంటికి ఒక్కటిగా కనబడే 'స్త్రీ' లోపల ఆరు సంఖ్యల దండ. ఆ ఆరింటినీ చక్కగా గుచ్చి చూపించాల్సిన భారం యంత్రానిది. 2018 ఫిబ్రవరిలో ఏమైందో గుర్తుందా? ఒక్క 'జ్ఞా' అనే అక్షరం సందేశంగా వస్తే ఐఫోన్లు నిలువునా ఆగిపోయాయి! జ్ఞానం చూసి ఫోను మూర్ఛపోయిందని లోకమంతా నవ్వుకుంది. ఆ నెలలోనే కంపెనీ దాన్ని సరిచేసింది. నవ్వుల సంగతి అలా ఉంచితే, మన అక్షరాల కూర్పు ఎంత సూక్ష్మమైనదో ప్రపంచానికి తెలిసింది.

ఇవాళ గూగుల్‌వారి టైపుల కొట్టులో పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ పేర్లతో తెలుగు అక్షరాలు ఉచితంగా దొరుకుతున్నాయి. అష్టదిగ్గజాల్లో కొందరు ఫోన్లోకి వచ్చేశారన్నమాట. కొరత అక్షరాలకి లేదు. వాటికి చోటివ్వాలన్న ధ్యాసకే. చాలాచోట్ల ముందు ఇంగ్లీషుకి కొలతలు తీస్తారు, తరవాత అదే చొక్కా తెలుగుకి తొడుగుతారు. ఫలితం? తెర మీద అడుగున ఒత్తు తెగిపోతుంది. ఒత్తు పోతే గుడ్డిదీపం గుడి దీపమైపోతుంది! ఇది నవ్వుకోవడానికి బాగానే ఉంది. కాని అదే అక్షరం మందు వాడే పద్ధతి మీదా, గ్యాస్ బండ జాగ్రత్తల మీదా ఉంటే? చత్వారం వచ్చిన అత్తగారు 'నాకు కళ్ళు ఆనడం లేదమ్మా' అని కాగితం పక్కన పెట్టేస్తారు. లోపం ఆవిడ కళ్ళదనే అందరం అనుకుంటాం. చాలాసార్లు లోపం అచ్చుది.

కాబట్టి ఇంట్లో ఏ శుభలేఖో, ఏ బారసాల కార్డో ప్రూఫు వచ్చినప్పుడు పేర్లూ ముహూర్తమూ సరిచూసుకుని ఊరుకోకండి. మోచెయ్యి చాపి దూరంగా పట్టుకుని చదవండి. ప, వ విడివిడిగా తెలుస్తున్నాయా? థ పొట్టలో చుక్క ఉందా? ఒత్తులు కింది వరసని తాకుతున్నాయా? తాకుతుంటే 'ఇంకాస్త ఎడం ఇవ్వండి బాబూ, కావలిస్తే రెండు మాటలు తగ్గించండి' అని అడగండి. కార్డులో ఖాళీ ఎక్కువైందని ఎవరూ ఏమీ అనుకోరు.