ఒక బొమ్మ, రెండు గొంతులు

తిరువూరు చేరువనున్న వినగడప వంటి గ్రామములకు బొమ్మ కంటె ముందు గొంతు చేరెను. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమైన పిదప తెలుగు మాట తెలుగులోనే ఇంటికి వచ్చెను. దృశ్యము విషయమున ఇది అంత సులువు కాలేదు. ఒకే బొమ్మను పలు భాషలవారు చూడవలసినప్పుడు ఎవరి భాష వినిపింపవలెను? దీనికి సమాధానము ప్రభుత్వ ప్రకటనలలో కంటె ఇంజనీర్లు వ్రాసుకొనిన సాంకేతిక ప్రమాణములలోనే ఎక్కువగా దొరకునని మా అభిప్రాయము.

1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సాయముతో మన దేశమున 'సైట్' అను ప్రయోగము జరిగెను. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక మొదలగు ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు సామూహిక టెలివిజన్ పెట్టెలు చేరెను. కోళ్ల దొడ్డికి కట్టు తీగవల వంటి దానితో చేసిన మూడు మీటర్ల గిన్నె ఆకాశము వైపు తిరిగి ఉండెడిది. ఆ ప్రసారమున బొమ్మ ఒక్కటే. ధ్వనిమార్గములు మాత్రము రెండు. ఒకదానిలో తెలుగు, రెండవదానిలో కన్నడము. మన పల్లెవారును, కన్నడ పల్లెవారును ఒకే చిత్రమును ఒకే క్షణమున చూచుచు ఎవరి భాష వారు వినగలిగిరి. ఆ గిన్నెను అందరును మెచ్చుకొందురు గాని, మాకు ఆ రెండవ ధ్వనిమార్గమే గొప్పగా తోచును.

ఏడాది నిండగానే ఉపగ్రహము తరలిపోయెను. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ఆరంభమయ్యెను. 1982లో రంగులును, ఢిల్లీ నుండి జాతీయ కార్యక్రమమును వచ్చెను. అయితే నాటి నేలమీది ప్రసారములో ఒక బొమ్మకు ఒక్కటే ధ్వని. హిందీ రాని ఇల్లాలు బొమ్మను చూచి భావము ఊహించుకొనవలసినదే.

డిజిటల్ పద్ధతి ఈ చిక్కును విప్పినది. హై డెఫినిషన్ చిత్రమున అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా ఒక్క బొమ్మకు ఇరువది లక్షలకు పైమాటే. కుదింపక పంపవలెనన్నచో స్టూడియో తీగలో సెకనుకు దాదాపు 150 కోట్ల బిట్లు పరుగెత్తవలెను. అంత బరువును గాలి మోయలేదు. కనుక బొమ్మలో మారని భాగమును మరల పంపక, మారిన దానినే పంపు కుదింపు పద్ధతులు వచ్చెను: 1990ల మధ్య ఎంపెగ్-2, తరువాత 2003లో హెచ్.264. కుదించినదానిని 188 బైట్ల పొట్లములుగా కట్టి, ప్రతి పొట్లము మీద ఒక సంఖ్య వేయుదురు. బొమ్మకు ఒక సంఖ్య, తెలుగునకు ఒకటి, హిందీకి ఒకటి, గది చుట్టును మ్రోగు 5.1 ధ్వనికి మరియొకటి. తపాలా గుమాస్తా ఊరిపేరు చూచి ఉత్తరములు వేరుచేసినట్లు, ఇంటిలోని పెట్టె తనకు కావలసిన సంఖ్యను ఏరుకొనును.

ఈ సౌకర్యమునకు వెల లేకపోలేదు. 2004 డిసెంబరులో దూరదర్శన్ వారి ఉచిత డి.టి.హెచ్. సేవ ప్రారంభమయ్యెను, 2010 కామన్‌వెల్త్ క్రీడలకు హై డెఫినిషన్ ఛానలు వచ్చెను. కొత్త కుదింపును చదువలేని పాత పెట్టె ఆ ఛానలు ముందు మూగదే. దాని ఖర్చు ప్రమాణము వ్రాసినవారికి కాక పెట్టె కొన్నవారికి పడును. గ్రామములలో కేబులు ప్రసారములు డిజిటల్ కావలసిన గడువు 2017 మార్చి 31.

నేడు కొన్ని ప్రకృతి, విజ్ఞాన ఛానళ్లలో రిమోటు మీది భాష మీటను నొక్కినచో తెలుగు పలుకును. బొమ్మ అదే.