వేషం తీశాక

ఎక్స్‌రే తీసే వేళ రోగిని కొన్ని క్షణాలు ఊపిరి బిగబట్టమంటాం. అదే కష్టమనిపిస్తుంది చాలామందికి. జూలియా మార్గరెట్ కామెరాన్ కెమెరా ముందు కూర్చున్నవారు మాత్రం నిమిషాల తరబడి కదలకుండా ఉండవలసివచ్చేది. ఆమె ఫొటోల్లోని మసకను ఆనాటి ఫొటోగ్రాఫర్లు చేతకానితనమన్నారు. నాకు అందులో మనుషుల ఊపిరి కనిపిస్తుంది.

1815లో కలకత్తాలో పుట్టిన కామెరాన్‌కు 48వ ఏట కూతురూ అల్లుడూ కెమెరా బహూకరించారు. ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలోని తన ఇంట్లో బొగ్గుల కొట్టును డార్క్‌రూమ్‌గానూ, కోళ్ల గూడును గాజు గదిగానూ మార్చుకున్నది. ఆమె పొరుగువాడు కవి టెన్నిసన్. ఆర్థరు రాజు గాథలపై తాను రచించిన కావ్యానికి చిత్రాలు తీసిపెట్టమని 1874లో ఆమెను కోరాడు. అచ్చయిన పుస్తకంలో అవి చిన్న చెక్కుడు బొమ్మలుగా కుంచించుకుపోగా, ఆమె పెద్ద ప్రతులతో తన సంపుటమే వెలువరించింది.

ఆ సంపుటాలలో పాత్రధారుల ఎంపికే అసలు విశేషం. ఆర్థరు రాజు వేషం వేసినవాడు రేవులో బరువులు మోసే పోర్టరు. ఆ రాజుకు హితవు చెప్పే మాంత్రికుడు మెర్లిన్‌గా కూర్చున్నది ఆమె భర్త చార్లెస్ కామెరాన్. మెకాలేతో పాటు మన దేశపు లా కమిషన్‌లో పనిచేసిన పెద్దమనిషి. ఆయన నవ్వాపుకోలేక కొన్ని ప్లేట్లు పాడుచేశాడట! బయటి లోకంలో ఆ పోర్టరు ఈయన ఎదుట కూర్చోగలిగేవాడు కాదు.

వేషం విప్పాక పోర్టరు పోర్టరే. మేరీ రయన్ కథ వేరు. తల్లితో బిచ్చమెత్తుతున్న ఆ పిల్లను కామెరాన్ చేరదీసి, చదువు చెప్పించి, పనిమనిషిగా పెట్టుకున్నది. షేక్‌స్పియర్ మిరాండాగా ఫొటో తీసింది. లండన్‌లో జరిగిన ఫొటోల ప్రదర్శనలో ఆమెను చూసి మనసు పడ్డ హెన్రీ కాటన్ 1867లో పెళ్లాడాడు. మనకు తెలిసిన గోదావరి ఆనకట్ట కాటన్ కాదు; అస్సాం చీఫ్ కమిషనరుగా చేసి, 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించినవాడు.

బిచ్చగత్తెను రాజు వరించిన కథ ఆ కాలపు ఇంగ్లండుకు ఎంతో ఇష్టమైనది. ఒక్క మేరీ విషయంలో అది నిజమైంది. మిగిలినవారికి దక్కినది ఆ కొన్ని నిమిషాల రాచరికమే. అయినా ఆ ఫొటోల్లో నన్ను నిలబెట్టేది అట్టకిరీటాల గాథ కాదు. ఏ చిత్రకారుడూ కూర్చోబెట్టి గీయని ఆ సామాన్యుల ముఖాలు.