ఒక్క క్షణపు కరెంటు

మా మద్నూర్‌కి రైలు లేదు. బస్సులున్నాయి, లారీలున్నాయి, సంగారెడ్డి మీదుగా నాందేడ్ వెళ్లే పెద్దరోడ్డు ఉంది. వీధిలో నిలబడితే తెలుగూ, మరాఠీ, కన్నడమూ మూడూ చెవిన పడతాయి. రైలుకూత మాత్రం పడదు. అందుకేనేమో, మా వైపు పెద్దవాళ్లు కామారెడ్డిలోనో బోధన్‌లోనో బండెక్కిన సంగతిని ఇప్పటికీ తీర్థయాత్రకు వెళ్లొచ్చినట్టే చెబుతారు.

అలాంటి ఊళ్లో కూర్చుని ఈవిడ బొమ్మరైళ్ల గురించి రాయడమేమిటి, అందులోనూ దాని పొట్టలో దాచే కరెంటుకి చరిత్రేమిటి అని నవ్వుకుంటున్నారు కదూ? నవ్వండి, ఫరవాలేదు. కానీ మీ ఇంట్లో ఇన్వర్టరుందా? పిల్లల కంప్యూటరు పక్కన యూపీఎస్ ఉందా? అయితే ఇది మీకు సంబంధించిన కథే. ఆ రెండింటికీ ఇది వేలెడంత చెల్లెలు.

ముందు పెద్ద రైలు సంగతి చూద్దాం. మొదట్లో రైలుపెట్టెల్లో దీపాలంటే నూనెదీపాలే. పెట్టెలపైకి ఎక్కి, కప్పుకున్న రంధ్రంలోంచి దీపం దించే మనుషులుండేవారు. నూనెదీపంలో ఓ సుగుణం ఉంది. బండి నడిచినా, నిలిచినా దానికి ఒకటే. తర్వాత కరెంటు దీపం వచ్చింది. ఇరుసుకి బెల్టు తగిలించి, దాంతో డైనమో తిప్పి, దీపాలు వెలిగించారు. బాగానే ఉంది. మరి స్టేషన్లో బండి ఆగితే? చక్రం ఆగింది, బెల్టు ఆగింది, దీపమూ ఆరిపోవాలి! సరిగ్గా జనం సామాను ఎక్కించుకునే సమయానికే చీకటన్నమాట. అందుకని పెట్టె కింద బ్యాటరీలు పెట్టారు. బండి పరుగెత్తుతున్నప్పుడు డైనమో దీపాలు వెలిగిస్తూనే బ్యాటరీని నింపుతుంది, ఆగినప్పుడు బ్యాటరీ తన దగ్గర దాచుకున్నది తీసి ఇస్తుంది. ఇంగ్లండులోని స్టోన్ కంపెనీ 1890లలో ఈ పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. మన దేశంలోనూ కోట్లాది జనం ఆ వెలుగులోనే పులిహోర పొట్లాలు విప్పుకున్నారు.

ఇక బొమ్మరైలు. జర్మనీలో మెర్క్‌లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాలతో సహా బొమ్మరైళ్లు ప్రదర్శనకు పెట్టింది. అవి తాళంచెవితో తిప్పేవి. ఇంగ్లండులో హార్న్‌బీ బొమ్మరైళ్లు 1920లో వచ్చాయి, అవీ మొదట తాళంచెవివే. స్ప్రింగు బిగిస్తే పరుగెడుతుంది, విప్పుకుపోతే ఆగుతుంది. పట్టాలకు తుప్పు పట్టినా దానికి చింత లేదు, ఎందుకంటే దాని బలం దాని కడుపులోనే ఉంది.

తర్వాత వీటికీ కరెంటు వచ్చింది. పట్టాల్లోకి కరెంటు పంపి, చక్రాల ద్వారా మోటారుకి అందించడం మొదలెట్టారు. ఇక్కడే చిక్కొచ్చింది. పట్టా మీద రవ్వంత మసి ఉన్నా, దుమ్ము పడినా, రెండు పట్టాలు చీలే చోట ప్లాస్టిక్ ముక్క తగిలినా కరెంటు తెగిపోతుంది. అయినా అది పెద్ద కష్టమనిపించలేదు. ఇంజన్లో బరువైన చిన్న చక్రం ఒకటి పెడితే, ఆ వేగంతోనే మసిని దాటేసేది. దీపం ఒక్కసారి రెప్పకొట్టేది, అంతే.

అసలు మార్పు ఆ తర్వాతది. పాత పద్ధతిలో ఒకే పట్టా మీద రెండు ఇంజన్లు పెడితే రెండూ కవలపిల్లల్లా ఒకేసారి కదిలేవి. హార్న్‌బీ వారు 1979లో ‘జీరో వన్’ అనే పద్ధతి తెచ్చారు. ఆ వెనకే మెర్క్‌లిన్ తన డిజిటల్ పద్ధతి తెచ్చింది. జర్మనీకే చెందిన లెంజ్ రూపొందించిన పద్ధతిని అమెరికాలోని బొమ్మరైళ్ల సంఘం 1990లలో ప్రమాణంగా తీసుకుంది. దాన్నే డీసీసీ అంటారు. ఇందులో పట్టాల మీద కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఆ కరెంటుతోపాటే ఆజ్ఞలూ వెళ్తాయి. ‘మూడో నంబరూ, నువ్వు కదులు. ఏడో నంబరూ, నువ్వాగు’ అని. ఇంజన్లో డీకోడర్ అనే చిన్న కంప్యూటరుంటుంది. తన పేరు వినిపిస్తేనే అది పలుకుతుంది. ఉమ్మడి కుటుంబంలో కోడళ్లలాగా అనుకోండి.

ఆ డీకోడరుకి గొంతు కూడా వచ్చింది. అసలు ఇంజన్ల దగ్గర రికార్డు చేసిన చప్పుళ్లు అందులో దాచి, వేలెడంత స్పీకరుతో వినిపిస్తారు. మామూలు ఆవిరి ఇంజను చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగుసార్లు ‘ఛుక్’ మంటుంది. బొమ్మలోనూ ఆ లెక్క తప్పదు. కూత, ఆవిరి బుస, గంట, బ్రేకుల కీచు, అన్నీ ఉంటాయి.

బుర్ర పెరిగిందంటే తంటా కూడా పెరిగిందన్నమాటే. మోటారుకి కరెంటు క్షణం తెగితే ఓ కుదుపు. కంప్యూటరుకి తెగితే మతిమరుపు! తానెక్కడున్నదీ, ఏం చేస్తున్నదీ మరిచిపోయి మళ్లీ మొదటినుంచి లేస్తుంది. బండి కదులుతూ ఉండగానే శబ్దం టక్కున ఆగిపోయి, స్టేషన్లో నిలబడ్డ ఇంజనులా మళ్లీ మొదలవుతుంది.

ఇదంతా నేను పుస్తకాల్లో చూసి చెప్పడం లేదు సుమా! మా అక్క కొడుకు పూనాలో ఉంటాడు. అక్కడ 1998లో తెరిచిన జోషీగారి బొమ్మరైళ్ల మ్యూజియం ఉంది. చిన్నప్పుడది చూసి వాడికీ పిచ్చి పట్టుకుంది. ఓ దసరాకి అట్టపెట్టెలో ఆవిరి ఇంజనొకటి పట్టుకొచ్చి, మా ముందుగదిలో పట్టాలు పరిచాడు. మా మామయ్యగారు వయసులో ఉన్నప్పుడు కామారెడ్డి నుంచి హైదరాబాదుకి మీటర్ గేజి బండిలో తిరిగిన మనిషి. 1990లు గడిచేసరికి మన దేశంలో మామూలు ప్రయాణాల్లో ఆవిరి ఇంజను దాదాపు కనుమరుగైంది కదా. ఆ చప్పుడు మళ్లీ వినపడేసరికి పేపరు పక్కన పడేసి ముందుకి వంగారు. కళ్లు మూసుకున్నారు కూడా. మలుపు దగ్గర చప్పుడు తెగింది. మళ్లీ మొదలై మళ్లీ తెగింది. మూడోసారికి ఆయన పేపరందుకున్నారు.

“ఇంజను గిట్ల దమ్ము దీస్తదా? మాటిమాటికి సచ్చి బతుకుతున్నది” అన్నారు.

పిల్లవాడి మొహం చిన్నబోయింది. “పట్టాల మీది మసి చేయవట్టి కరెంటు అందుతలేదు చిన్నమ్మా. బండి ఆగుతలేదు, దాని బుర్ర ఆగుతున్నది” అని నాతో గొణిగాడు.

ఆ మందు పేరే కెపాసిటర్. ఫ్యాను తిరగకపోతే మేస్త్రీ వచ్చి “కండెన్సర్ పోయిందమ్మా” అంటాడు చూడండి, దాని జాతే. దీని పుట్టుక చాలా పాతది. 1745, 46 సంవత్సరాల్లో యూరప్‌లో గాజుసీసాలో విద్యుత్తును పట్టి ఉంచడం కనిపెట్టారు. హాలండులోని లైడెన్ ఊరి పేరుతో దాన్ని లైడెన్ జాడీ అన్నారు. మనం ఆవకాయ జాడీ అన్నట్టే! అయితే జాడీ పెద్దది, అందులో పట్టేది చిటికెడు. కొంచెం చోటులో ఎక్కువ నింపే కెపాసిటరుకి 1957లో అమెరికాలో పేటెంటు తీసుకున్నారు. జపానులోని ఎన్‌ఈసీ 1978లో దాన్ని సూపర్ కెపాసిటర్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. ఎందుకనుకున్నారు? కరెంటు పోయినా కంప్యూటరు జ్ఞాపకం చెదిరిపోకుండా ఉండడానికి! అంటే మతిమరుపుకి మందుగా బజారుకొచ్చిందే, బొమ్మరైలు మతిమరుపుకీ పనికొచ్చింది.

లెక్క కాస్త చూడండి. ఈ సూపర్ కెపాసిటర్లు సాధారణంగా ఒక్కోటి 2.7 వోల్టులే తట్టుకుంటాయి. పట్టాల మీద 14, 15 వోల్టులుంటాయి. అందుకని ఆరింటిని వరసగా గొలుసులా కలిపితే 16.2 వోల్టుల దాకా ఓర్చుకుంటాయి. ఒక్కోటి ఒక ఫారడ్‌ది అయితే, పావు ఆంపియరు తాగే ఇంజనుని మూడు సెకన్ల వరకూ నిలబెడతాయి. మసి దాటడానికి అర సెకను చాలు. అదే వెయ్యి మైక్రోఫారడ్ల మామూలు కెపాసిటరైతే సెకనులో యాభయ్యో వంతు మాత్రమే.

తగిలించడంలోనూ ఒడుపుంది. ఖాళీ కెపాసిటరు ఉపవాసం విడిచిన మనిషిలాంటిది, కరెంటు తగలగానే ఒక్క గుక్కలో తాగేయబోతుంది. పట్టాలకి కరెంటు ఇచ్చే పెట్టె అది చూసి, ఎక్కడో షార్టయిందని బెదిరి అన్నీ ఆపేస్తుంది. అందుకని నూరు ఓముల రెసిస్టరు ఒకటి అడ్డం పెట్టి మెల్లగా నింపుతారు. ఇచ్చేటప్పుడు మాత్రం ఆ అడ్డు లేకుండా డయోడు గుండా ధారాళంగా ఇస్తుంది. కూడబెట్టేటప్పుడు నిదానం, అవసరానికి ధారాళం! ఈ సూత్రం మనకు కొత్తదా? డీకోడరు నీలం తీగకి ప్లస్సూ, దాని నేల చుక్కకి మైనస్సూ టంకం వేయాలి. ప్లస్సు మైనస్సులు తారుమారైతే కెపాసిటరు పగిలే ప్రమాదముంది. మావాడు బొగ్గు ఉండే వెనకపెట్టెలో ఆరింటినీ ఇరికించి, నల్లటి టేపు చుట్టేశాడు.

మర్నాడు పొద్దున మామయ్యగారు పూజ ముగించి వచ్చేసరికి ఇంజను తిరుగుతోంది. మలుపు వచ్చింది. చప్పుడు తెగలేదు. ఆయనేమీ అనలేదు. కుర్చీ లాక్కుని పట్టాల పక్కన వేసుకున్నారు. ఆ పూట పేపరు మడత విప్పనేలేదు.

అయితే ఈ సంచయానికి హద్దూ అవసరమే. పట్టాలు తప్పిన బొమ్మ మూడు సెకన్లు ఊరికే పరుగెత్తి బల్ల మీదనుంచి దూకేయగలదు. అందుకని ఎంతసేపు సొంత కరెంటుతో నడవొచ్చో డీకోడరులో ముందే చెప్పిపెట్టే వీలుంది. మావాడు అర సెకను పెట్టాడు.

ఇదంతా చూశాక నాకొకటి అనిపించింది. లాంతరు రోజుల్లో రాత్రంతా కరెంటు లేకపోయినా మనకి తెలిసేది కాదు. బల్బు వచ్చాక గంటసేపు పోతే విసుగు. టీవీ వచ్చాక పది నిమిషాలకే కోపం. కంప్యూటరుకైతే కన్నుమూసి తెరిచేంత కాలమే చాలు. వస్తువుకి తెలివి పెరిగేకొద్దీ దాని ఓర్పు తగ్గుతోంది. ఆ తగ్గిన ఓర్పుని పూడ్చడానికి ఎవరో ఒకరు చీకటి మూలన కూర్చుని కొంచెం కొంచెంగా దాచిపెడుతూ ఉండాలి, రైలుపెట్టె కింద బ్యాటరీలా, పోపులడబ్బాలో చిల్లరలా. అది ఉన్నన్నాళ్లూ ఎవరికీ కనపడదు. చప్పుడు తెగనప్పుడు ఎందుకు తెగలేదని ఎవరడుగుతారు చెప్పండి!