ఇంటి వెల: నాటి సాక్షులు, నేటి మదింపుదారులు

ఇల్లు అమ్మునపుడు దాని వెలను నిర్ణయింపవలసినవా రెవ్వరు? ఈ ప్రశ్నకు మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన సమాధాన మొకటి కలదు. మైసూరునందు రుద్రపట్నం శామశాస్త్రిగారు 1909వ సంవత్సరమున ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రములో, మూడవ యధికరణమున, వాస్తువిక్రయమును గూర్చిన భాగ మున్నది. అమ్మువాడు మొదట జ్ఞాతులకును, పిదప పొరుగువారికిని, తరువాత అప్పిచ్చినవారికిని కొనుట కవకాశ మియ్యవలెను. వారు కొననియెడలనే పరులకు. ఇల్లయినచో ఆ యింటి యెదుటనే, ఇరుగుపొరుగు నలువది కుటుంబములవారు వినుచుండగా చాటవలెను. పొలమో, తోటయో, చెరువో అయినచో పొరుగువారును గ్రామవృద్ధులును ఉండగా హద్దులయొద్ద చాటవలెను. ఈ వెలకు కొనువా రెవ్వరని మూడుమారులు చాటినను ఎవ్వరును అడ్డు చెప్పనిచో కొనువానికి హక్కు కలుగును. పోటీచే వెల పెరిగినచో ఆ హెచ్చు సొమ్ము సుంకముతోగూడ రాజకోశమునకే పోవును! ఈ కడపటి నియమము అమ్మువానికి రుచించియుండునని నేననుకొనను.

మితాక్షర యందును ఈ భావమే కలదు. దానిని మన కేతన 13వ శతాబ్దమున విజ్ఞానేశ్వరీయ మను పేర తెలిగించెను. భూమి చేతులు మారుటకు గ్రామస్థుల సమ్మతి యేల? వ్యవహారము బహిరంగమగుటకు. పొరుగువారి సమ్మతి యేల? హద్దుల తగవు రాకుండుటకు. వెల పదిమంది చెవుల బడవలె ననుటయే పూర్వుల తాత్పర్యమని నాకు తోచుచున్నది.

నేడు ఆ నలువది కుటుంబముల స్థానమున ఒక్క మదింపుదారుడు నిలిచియున్నాడు. 1957 నాటి సంపదపన్ను చట్టమునకు 1972లో జరిగిన సవరణచే రిజిష్టరు మదింపుదారు లేర్పడిరి. ఆ పన్ను 2015లో తొలగింపబడినను వృత్తి నిలిచినది. 2017లో కంపెనీల చట్టము క్రింద వేరొక నియమావళి వచ్చి, భూమికిని కట్టడములకును వెల కట్టువారికి ప్రత్యేక పరీక్ష నేర్పరచినది. బ్యాంకి అప్పునకో, అన్నదమ్ముల భాగపరిష్కారమునకో మనము పిలుచునది ఇట్టివారినే.

వారి పద్ధతులు ముఖ్యముగ మూడు. అద్దెనుబట్టి కట్టుట పట్టణములకు తగినది. ఖర్చులు పోగా మిగులు సాలు అద్దెకు ఇరువది రెట్లు వెల యనినచో, పెట్టిన సొమ్ముపై నూటికి అయిదు గిట్టునని యర్థము. ఇండ్లు అద్దెకు పోని పల్లెలో ఇది పనికిరాదు.

రెండవది కట్టుబడి ఖర్చునుబట్టి కట్టుట. ఒక యింటిని నేడు మరల కట్టుటకు 12,00,000 రూపాయలు పట్టు ననుకొందము. అది 60 ఏండ్లు నిలుచునది. 20 ఏండ్లు గడచినవి. కూల్చినపుడు కలపకును రాతికిని పదియవ వంతు, అనగా 1,20,000 వచ్చునన్నచో, కాలక్రమమున తరుగునది 10,80,000. అందు గడచిన మూడవ వంతు 3,60,000 తీసివేయగా నేటి కట్టడపు వెల 8,40,000 రూపాయలు. దీనికి స్థలము వెల చేర్చవలెను. స్థలమునకు తరుగు లేదు. తాతగారు వేయించిన టేకు దూలములపై మనకుగల మమకారమునకు ఈ లెక్కలో చోటు లేదు. టేకునకు మాత్రము కలదు. కావున దూలములు చూపింపక మానరాదు.

మదింపుదారుని పిలిచినవారు, అతడు ఏ తేదీనాటి వెల కట్టుచున్నాడో వ్రాతమూలమున అడుగవలెను. వెలతోపాటు పెరుగు రుసుమున కొప్పుకొనరాదు. వీథిలో నిలిచి చూచి పోవువానికంటె కొలతటేపుతో లోని కేగువాడు మేలు.

మూడవ పద్ధతి, చుట్టుప్రక్కల జరిగిన విక్రయములతో పోల్చుట. చిక్కంతయు ఇక్కడనే. స్టాంపు సుంకము వెలనుబట్టి పడును గనుక, ఇచ్చిన సొమ్ము ఒకటి, దస్తావేజున వ్రాసిన సొమ్ము మరియొకటి యగుట మన పల్లెలలో పరిపాటి యైనది. నేను ఉపాధ్యాయుడనై యుండగా దస్తావేజులు చదివించుకొనవచ్చినవారు చతుర్హద్దులను రెండు మూడుమారులు చదివించుకొనెడివారు. వెల వ్రాసిన పంక్తిని మరల చదువుమన్నవారు లేరు.

1894 నాటి భూసేకరణ చట్టము క్రింద ప్రభుత్వము రోడ్డునకో జలాశయమునకో ఊరిని తీసికొనునపుడు, అధికారులును న్యాయస్థానములును ముఖ్యముగ చూచినవి ఈ పత్రములే. సుంకమునకై తగ్గించి వ్రాసిన వెల, అమ్మనివాని యింటికిని వెల యైనది! కోర్టున కెక్కి, నిజముగ హెచ్చు సొమ్మే చేతులు మారినదనుటకు పత్రమే అడ్డు. వెలపై అదనముగ ఇచ్చు సొమ్ము మొదట నూటికి 15. 1984లో 30 అయ్యెను. 2013 నాటి క్రొత్త చట్టము దానిని నూటికి నూరు చేసినది. గ్రామములలో భూమి వెలను రెట్టింపువరకు హెచ్చించుటకును వీలు కల్పించినది. అయినను ఆ లెక్కకు మూలము స్టాంపు చట్టపు విలువయో, గత మూడేండ్ల విక్రయపత్రములలో హెచ్చు వెలగల సగము పత్రముల సగటో. ఊరంతయు తగ్గించి వ్రాసినచో ఆ హెచ్చు సగమును తక్కువదే యగును.

1908 నాటి రిజిష్ట్రేషను చట్టము ప్రకారము స్థిరాస్తి పత్రముల పుస్తకమును ఎవ్వరైనను రుసుము చెల్లించి చూడవచ్చును, నకలు పొందవచ్చును. మదింపుదారుడు వచ్చుటకు ముందే మీ వీథిలోని ఇటీవలి విక్రయముల నకళ్లు రెండు మూడు సబు-రిజిష్ట్రారు కచేరీనుండి తెప్పించి యుంచుకొనుడు.