పాఠకుని చేతికి వచ్చిన సహాయ పుట: ఎస్ నుంచి ఆర్ వరకు

గణాంక శాస్త్రజ్ఞులు విరివిగా వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో దాదాపు ప్రతి ఫంక్షన్‌కూ, అంటే సగటు కట్టడం, పటం గీయడం వంటి ఒక నిర్ణీతమైన పనిని చేసిపెట్టే ప్రతి ఆదేశానికీ, ఒక సహాయ పుట ఉంటుంది. ప్రశ్నార్థకం కొట్టి, దాని పక్కనే ఫంక్షన్ పేరు రాస్తే ఆ పుట తెరమీదికి వస్తుంది. అది ఏ రూపంలో కనబడాలన్నది మొదట్లో చాలావరకు సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో ఎక్కించేవారు తీసుకునే నిర్ణయం. క్రమంగా అది చదివేవారి చేతికి వచ్చింది.

ఈ సంప్రదాయానికి మూలం ఆర్ కంటే ముందు పుట్టిన ఎస్ భాషలో ఉంది. అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో 1976లో జాన్ ఛాంబర్స్, రిక్ బెకర్ తదితరులు మొదలుపెట్టిన ఆ భాష యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాతావరణంలో పెరిగింది కాబట్టి, దాని సహాయ పుటలను కూడా యూనిక్స్‌వారి ఎన్‌రాఫ్ పద్ధతిలోనే, అంటే మామూలు పాఠం మధ్యలో అమరికను సూచించే చిన్న చిన్న సంకేతాలు చేర్చే పద్ధతిలోనే రాసేవారు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల ఆరంభంలో ఎస్ బాటలోనే ఆర్‌ను రూపొందించినప్పటికీ, సహాయ పుటల విషయంలో ఆర్ వేరే దారి పట్టింది. గణిత గ్రంథాలను అచ్చుకు సిద్ధం చేసే లేటెక్‌ను పోలిన ఆర్‌డీ అనే కొత్త రాతపద్ధతి అందులో ఏర్పడింది. శీర్షిక, వాడుక తీరు, ఫంక్షన్‌కు ఇవ్వవలసిన విలువలు, ఉదాహరణలు, ఇలా ఏ భాగం ఏమిటో మాత్రమే రచయిత చెబుతాడు. అది ఎలా కనబడాలన్నది దాదాపుగా చెప్పడు. ఆ ఒక్క మూలం నుంచే అక్షరాలు మాత్రమే కనబడే టెర్మినల్ తెరలో చదువుకునే మామూలు పాఠం, బ్రౌజర్‌లో తెరుచుకునే హెచ్‌టీఎమ్‌ఎల్ పుట, అచ్చువేసుకునే లేటెక్ ప్రతి మూడూ తయారవుతాయి. విషయాన్నీ రూపాన్నీ ఇలా విడదీయడమే ఈ చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన మలుపు. తరవాత వచ్చిన సౌకర్యాలన్నీ దాని ఫలాలే.

అయితే పాత రూపం అంత తేలికగా వదలలేదు. టెర్మినల్‌లో సహాయ పుటను తెరకు సరిపడినంత మేర కొంచెం కొంచెంగా చూపించే పేజర్ అనే ప్రోగ్రామ్‌లో శీర్షికలు కింద గీతతో కనబడతాయి. ఆ గీత వెనక ఉన్నది టైపు యంత్రాల కాలంనాటి ఉపాయం: ముందు అడ్డగీత, తరవాత ఒక గడి వెనక్కి జరగమనే సంకేతం, ఆపైన అసలు అక్షరం, ఇలా శీర్షికలోని ప్రతి అక్షరానికీ జరుగుతుంది. ఈ సంకేతం తెలిసిన పేజర్ దాన్ని చక్కని గీతగా చూపుతుంది, తెలియని చోట శీర్షిక నిండా అర్థంకాని గుర్తులు పరుచుకుంటాయి. అందుకే ఆ గీతలను పూర్తిగా తీసివేయడానికీ, వరుస వెడల్పును మార్చుకోవడానికీ ఆర్‌లోని టూల్స్ అనే ప్యాకేజీలో, అంటే ఫంక్షన్ల కట్టలో, ప్రత్యేకమైన అమరికలు ఏర్పాటు చేశారు.

ఇంతకంటే పెద్ద చిక్కు పుటలు తయారయ్యే వేళకు సంబంధించినది. చాలా ఏళ్లపాటు ఆర్‌డీ మూలాన్ని పెర్ల్ భాషలో రాసిన స్క్రిప్టులు ప్యాకేజీని ఎక్కించే సమయంలోనే వివిధ రూపాల్లోకి మార్చి భద్రపరిచేవి. విండోస్‌లో సీహెచ్ఎమ్ అనే మరో రూపం కూడా ఉండేది. ఒక పుట నుంచి వేరే ప్యాకేజీలోని పుటకు వేసిన లంకె, ఆ రెండో ప్యాకేజీ మరో చోట ఉన్నా, తరవాత ఎక్కించినా, తెగిపోయేది. ఒకసారి తయారైన పుట పాఠకుని అవసరాన్ని బట్టి మారే వీలు లేకపోయింది.

2009 అక్టోబరులో వెలువడిన ఆర్ 2.10.0 ఈ పరిస్థితిని మార్చివేసింది. డంకన్ మర్డోక్ రాసిన కొత్త పార్సర్, అంటే ఆర్‌డీ పాఠాన్ని వ్యాకరణబద్ధంగా విడమరిచి చదివే ప్రోగ్రామ్, పెర్ల్ స్క్రిప్టుల స్థానంలోకి వచ్చింది. దానితోపాటు ఆర్ లోపలే పనిచేసే ఒక చిన్న వెబ్ సర్వర్ కూడా చేరింది. సొంత కంప్యూటర్‌లోనే నడిచే ఈ సర్వర్ పుటను అడిగిన క్షణంలో తయారుచేసి బ్రౌజర్‌కు అందిస్తుంది కాబట్టి, ఆ క్షణంలో ఏయే ప్యాకేజీలు ఉన్నాయో చూసుకుని లంకెలు కలుపుతుంది. సీహెచ్ఎమ్ రూపం అప్పుడే సెలవు తీసుకుంది. నాటినుంచి ఆప్షన్స్ అనే ఫంక్షన్‌లో హెల్ప్_టైప్ అనే అమరికకు టెక్స్ట్, హెచ్‌టీఎమ్‌ఎల్, పీడీఎఫ్ అనే విలువల్లో ఒకదాన్ని ఇస్తే చాలు. ఆ ఆదేశాన్ని ఆర్ మొదలైనప్పుడల్లా చదివే ఆర్‌ప్రొఫైల్ ఫైలులో రాసిపెట్టుకుంటే ఆ ఎంపిక శాశ్వతమవుతుంది. ఏ బ్రౌజర్ తెరుచుకోవాలో, ఏ పేజర్ వాడాలో కూడా అలాగే చెప్పవచ్చు. 2022లో వచ్చిన ఆర్ 4.2.0తో హెచ్‌టీఎమ్‌ఎల్ పుటల్లో గణిత సూత్రాలు అచ్చు పుస్తకంలో ఉన్నంత శుభ్రంగా కనబడసాగాయి.

ఈ పరిణామం తెలుగువారికి ప్రత్యేకంగా అక్కరకు వచ్చేది. ఆర్‌డీ మూలాన్ని యూటీఎఫ్-8లో, అంటే ప్రపంచ లిపులన్నిటికీ చోటున్న అక్షర సంకేత పద్ధతిలో రాయవచ్చు కాబట్టి తెలుగులో సహాయ పుట రాయడానికి అడ్డు లేదు. అక్షరానికి ఒక గడి చొప్పున కేటాయించే టెర్మినల్‌లో మన ఒత్తులూ గుణింతాలూ సరిగా కుదరకపోవచ్చు, పీడీఎఫ్‌కు వాడే లేటెక్ మామూలు అమరికలో తెలుగు లిపికి ఏర్పాటు లేదు, కానీ బ్రౌజర్‌లో తెలుగు నిండుగా కనబడుతుంది. ప్యాకేజీ వివరాల ఫైలులో లాంగ్వేజ్ అనే చోట ఆ ప్యాకేజీ పత్రాలు ఇంగ్లీషులో కాక ఏ భాషలో ఉన్నాయో ప్రకటించే సదుపాయమూ ఉంది. తెలుగు నాట గణాంక శాస్త్రం బోధించే ఆచార్యులు, తమ విద్యార్థుల కోసం రాసే ఒక చిన్న ప్యాకేజీకైనా సహాయ పుటలను తెలుగులో రాసి ఈ సదుపాయాన్ని వాడుకలోకి తేవాలి.